తోటల పాత పుస్తకాలు: మొదటి ముద్రణ కొనాలా, నిండు ప్రతి కొనాలా?

నా దగ్గర 1713 నాటి ఫ్రెంచి పుస్తకం ఒకటి ఉంది. దూడతోలు బైండు, వెన్ను మీద బంగారు అక్షరాలు, కాగితం ఇప్పటికీ పెళపెళలాడుతుంది. వేలం కేటలాగులో దాని వివరం కింద "మడత బొమ్మలతో" అని రాశారు. ఎన్ని బొమ్మలు అన్నది రాయలేదు. ఆ తేడా నాకప్పుడు తట్టలేదు. ఇంటికొచ్చాక తీరిగ్గా పేజీలు తిప్పుతుంటే మూడు చోట్ల కుట్టు దగ్గర సన్నటి కాగితపు అంచులు వేలికి తగిలాయి, బ్లేడుతో కోసినంత నున్నగా. ఎవరో ఎప్పుడో మూడు బొమ్మలు కోసుకుపోయారు. అమ్మినవాళ్లకి రాస్తే, లోపాలతో సహా అమ్ముతున్నామని ముందే చెప్పాం కదా అన్నారు. నిజమే, చివర్లో చిన్న అక్షరాల్లో చెప్పారు.

ఫార్మల్ గార్డెన్ అంటే మీకు తెలిసే ఉంటుంది. మధ్యలో తిన్నగా సాగే దారి, దానికి అటూ ఇటూ అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా ఉండే పూలమడులు, స్కేలు పెట్టి కత్తిరించినట్టుండే పొదల కంచెలు, కొలనులు, ఫౌంటెన్లు. 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం సగం వరకు యూరప్‌లో రాజులు, జమీందార్లు ఇలాంటి తోటలే వేయించుకున్నారు. తర్వాత ఫ్యాషన్ మారి చాలావాటిని దున్నేశారు. చాలాచోట్ల తోట పోయి పుస్తకమే మిగిలింది. అందుకే వీటికి ఇంత గిరాకీ.

ఈ పుస్తకాలు పోగుచేద్దామనుకునేవాళ్లకి అయిదు దారులున్నాయి. అయిదూ ఒకే స్థాయివి కావు. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: ఎక్కువమందికి రెండోది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మూడోది.

పెద్ద బొమ్మల పుస్తకాలు

అందరూ మొదట కలగనేది వీటి గురించే. హాన్స్ వ్రేదమన్ ద వ్రీస్ 1583లో ఆంట్‌వెర్ప్‌లో వేసిన తోటల నమూనాలు చూడండి. దాదాపు అన్నీ బొమ్మలే. భవనాల స్తంభాలకి చెప్పినట్టు తోటల్ని కూడా డోరిక్, అయోనిక్, కొరింథియన్ అని మూడు రకాలు చేశాడాయన. సాలమన్ ద కౌస్ 1620లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 'హోర్తుస్ పలాటినుస్' వేశాడు. అది హైడెల్‌బర్గ్ కోట తోట గురించి. ఆ తోట పూర్తి కాకముందే ఆ కోట ఏలిక ఐదో ఫ్రెడరిక్ బొహీమియా కిరీటం కోసం వెళ్లాడు, ముప్పై ఏళ్ల యుద్ధం వచ్చిపడింది. పుస్తకంలో ఉన్నంత నిండుగా ఆ తోట నేల మీద ఎప్పుడూ లేదు. జాక్ బోయ్‌సో పుస్తకం 1638లో ఆయన పోయాక మేనల్లుడు అచ్చువేయించాడు. అందులోని మడుల డిజైన్లు ముగ్గుల పుస్తకం తెరిచినట్టుంటాయి. ఆంద్రే మోలే 1651లో స్టాక్‌హోంలో, స్వీడన్ రాణి క్రిస్టీనా కొలువులో ఉండగా, 'ల జార్దాఁ ద ప్లెజీర్' వేశాడు.

అద్భుతమైన పుస్తకాలు, కాదనను. కానీ వీటితో మూడు చిక్కులు. మొదటిది ధర, ఇవి పెద్ద లైబ్రరీలతో పోటీపడి కొనాల్సిన సరుకు. రెండోది సైజు. ఫోలియో, అంటే బాగా పెద్ద సైజు పుస్తకాన్ని మామూలు అలమరలో నిలబెడితే లోపలి కాగితాల బరువుకి వెన్ను కిందికి లాగేస్తుంది, పడుకోబెట్టే ఉంచాలి. మూడోది అసలు చిక్కు. ఇవి నాలుగు వందల ఏళ్లుగా చేతులు మారుతున్నాయి. రెండు మూడు శిథిల ప్రతుల్లోంచి పేజీలు తీసి కలిపి ఒక్క ప్రతిగా బైండు చేసినవి మార్కెట్లో ఉన్నాయి. వాటిని పట్టుకోవాలంటే చాలా ప్రతులు చూసిన కన్ను కావాలి, అది మొదటి ఏడాదిలో రాదు. ఎంత డబ్బున్నా మొదటి అయిదేళ్లు ఈ వైపు వెళ్లకండి అంటాను.

ఒకే పుస్తకం, అనేక ముద్రణలు

నాకు బాగా నచ్చిన దారి ఇది, ఇక్కడ కాసేపు ఆగుతాను.

1709లో పారిస్‌లో జాన్ మారియెత్ దగ్గర ఒక పుస్తకం వచ్చింది: 'లా తెయొరీ ఎ లా ప్రాతీక్ ద్యు జార్దినాజ్', తోటపని సిద్ధాంతం, ఆచరణ అని అర్థం. రాసింది దెజాలియే దార్జన్‌విల్. వృత్తిరీత్యా తోటమాలి కాదు, చదువుకున్న పెద్దమనిషి. తర్వాత గవ్వల మీద కూడా పెద్ద పుస్తకం రాశాడు. బొమ్మల్లో చాలా డిజైన్లు ల బ్లాఁ అనే ఆర్కిటెక్టువి. ఈయన 1716లో పీటర్ చక్రవర్తి కొలువుకి రష్యా వెళ్లి 1719లో అక్కడే పోయాడు. ఫ్రెంచి ఫార్మల్ గార్డెన్‌ని నేల చదును చేయడం దగ్గర్నుంచి ఫౌంటెన్ గొట్టాల దాకా వరుసగా నేర్పించిన పుస్తకం ఇది. తోట చివర గోడ కట్టకుండా కందకం తవ్వి, దగ్గరికి వచ్చినవాళ్లు "ఆహా" అనేలా చూపు దూరం సాగేట్టు చేసే ఉపాయం కూడా ఇందులో ఉంది.

దీని ముద్రణల కథే వేరు. 1709 ప్రతిలో రచయిత పేరు లేదు. 1713 ప్రతిలో, మొదట్లో చెప్పిన నా పుస్తకం ఇదే, పొడి అక్షరాలు మాత్రం ఉన్నాయి. 1722 ప్రతి ల బ్లాఁ పేరుతో వచ్చింది. 1747లో నాలుగో ముద్రణ బాగా పెంచి, తోటలకి పనికొచ్చే నీటి యంత్రశాస్త్రం మీద ఒక భాగం చేర్చి వేశారు. ఈలోగా ద హేగ్‌లో 1711లో వేరే ప్రచురణకర్త వేశాడు. 1712లో లండన్‌లో జాన్ జేమ్స్ ఇంగ్లీషులోకి తెచ్చాడు, దానికి 1728లో రెండో ముద్రణ వచ్చింది. 1731లో ఆగ్స్‌బర్గ్‌లో జర్మన్ అనువాదం వచ్చింది.

కొనేవాడికి దీనివల్ల ఒక లాభం. పేర్ల గందరగోళం కారణంగా కేటలాగుల్లో ఈ పుస్తకం ఒకచోట దెజాలియే కింద, ఒకచోట దార్జన్‌విల్ కింద, ఒకచోట ల బ్లాఁ కింద, జేమ్స్ అనువాదమైతే జేమ్స్ కింద కూడా ఉంటుంది. నాలుగు పేర్లతోనూ వెతికేవాళ్లు తక్కువ. మీరు వెతకండి.

ఇక ఏ ముద్రణ? అందరి కళ్లూ 1709 మీదే. మొదటిది కాబట్టి దానికి గౌరవం ఉంటుంది, ధరా ఉంటుంది. కానీ పుస్తకంగా చూస్తే అది అన్నిటికంటే పలచనిది. చదవాలన్నా, బొమ్మలు చూడాలన్నా, తోటల్లో నీళ్లు ఎలా ఎగిరేవో తెలుసుకోవాలన్నా 1747 ప్రతి చాలా మెరుగు. ఫ్రెంచి రానివాళ్లకి 1712 జేమ్స్ అనువాదం. పాత ఇంగ్లీషు అయినా అర్థమవుతుంది, బొమ్మల్ని లండన్‌లో రాగి రేకుల మీద కొత్తగా చెక్కించారు. రెంటిలో ఒకటే కొనగలిగితే నేను 1747 తీసుకుంటాను. బొమ్మలు తక్కువైన 1709, అన్నీ ఉన్న 1747 పక్కపక్కన పెట్టి ఒకే ధర చెప్పినా 1747నే తీసుకుంటాను. లోటున్న మొదటి ముద్రణని మళ్లీ అమ్మబోతే తెలుస్తుంది ఆ లోటు విలువెంతో. ఆ ముచ్చట నా 1713 నాకు నేర్పింది.

ఇలా ఒకే పుస్తకం నాలుగైదు ముద్రణలు చేరాక వచ్చే ఆనందం ఇంకోటి. ఒకే మడి డిజైన్ పారిస్ చెక్కుడులో ఎలా ఉంది, లండన్ చెక్కుడులో ఎలా ఉందో బల్ల మీద పక్కపక్కన పరిచి చూడొచ్చు. తీగ మెలికలో ఒకరి చెయ్యి సాఫీగా తిరిగి, ఇంకొకరిది కాస్త బిగుసుకున్న చోట్లు దొరుకుతాయి. పది రకాల ప్రసిద్ధ పుస్తకాలు ఒక్కోటి కొన్నవాళ్లకి ఈ అవకాశం రాదు.

తగవు నాటి పుస్తకాలు

కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడ. 1890ల్లో ఇంగ్లండులో ఫార్మల్ గార్డెన్ మీద పెద్ద గొడవ జరిగింది. తోట వేయాల్సింది ఆర్కిటెక్టా, తోటమాలా అని. రెజినాల్డ్ బ్లామ్‌ఫీల్డ్ 1892లో 'ద ఫార్మల్ గార్డెన్ ఇన్ ఇంగ్లండ్' రాశాడు, బొమ్మలు ఇనిగో థామస్‌వి. చెట్లని వాటి దారిన పెరగనివ్వాలనే విలియం రాబిన్సన్‌కి ఒళ్లు మండి అదే ఏడాది జవాబుగా ఒక చిన్న పుస్తకం వేశాడు. బ్లామ్‌ఫీల్డ్ ఊరుకోలేదు, రెండో ముద్రణకి ముందుమాట రాసి దానికి బదులిచ్చాడు. ఇక్కడా అదే లెక్క: మొదటి ముద్రణ కొంటే తగవులో ఒక పక్క మాట సగమే వింటారు. రెండో ముద్రణా రాబిన్సన్ పుస్తకమూ కొంటే మొత్తం తగవు మీ చేతికొస్తుంది. 1901లో మూడోది కూడా వచ్చింది.

దీని చుట్టూ మంచి పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఇనిగో ట్రిగ్స్ 1902లో మూడు భాగాలుగా తెచ్చిన 'ఫార్మల్ గార్డెన్స్ ఇన్ ఇంగ్లండ్ అండ్ స్కాట్లండ్' నా దృష్టిలో ఈ కాలపు రాజు. అప్పటికి మిగిలున్న పాత తోటల్ని టేపు పట్టి కొలిచి గీసిన ప్లాన్లు అవి, పక్కన ఫోటోలు. ఎడిత్ వార్టన్ 1904లో ఇటలీ విల్లాల మీద రాసిన పుస్తకానికి మాక్స్‌ఫీల్డ్ పారిష్ బొమ్మలేశాడు. ఆ బొమ్మలకి ఫ్రేము కట్టి గోడకి తగిలించుకోవాలనుకునేవాళ్లు చాలామంది, కాబట్టి కొనేముందు ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. థామస్ మాసన్ 'ద ఆర్ట్ అండ్ క్రాఫ్ట్ ఆఫ్ గార్డెన్ మేకింగ్' 1900 నుంచి 1926 దాకా అయిదు ముద్రణలు చూసింది, పోనుపోనూ లావెక్కింది.

వీటికున్న లోపం కాగితం. 18వ శతాబ్దపు కాగితం గుడ్డపేలికల నుంచి చేసింది, మూడు వందల ఏళ్లు గడిచినా వంచితే వంగుతుంది. 19వ శతాబ్దం సగం దాటాక చెక్క గుజ్జు వచ్చింది, అది అంచుల నుంచి గోధుమరంగుకి తిరిగి పెళుసెక్కుతుంది. ఫోటోల కోసం వాడిన నున్నటి మెరుపు కాగితానికి తడి తగిలిందంటే పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. చిత్రంగా, 1902 పుస్తకం కంటే 1712 పుస్తకాన్ని కాపాడుకోవడమే తేలిక.

విడి బొమ్మలు

వెర్సాయ్ మీద ఇజ్రాయెల్ సిల్వెస్త్ర్, పెరెల్ కుటుంబం చెక్కిన దృశ్యాలు, రోమ్ తోటల మీద ఫాల్దా, ఇంగ్లండు బంగళాల మీద నిఫ్ గీయగా కిప్ చెక్కిన పక్షిచూపు బొమ్మలు. ఇవి విడివిడిగా దొరుకుతాయి, పుస్తకంతో పోలిస్తే చవక, గోడకి అందం. అయినా నాకు మనసొప్పదు, ఎందుకంటే వీటిలో చాలావాటి కోసం ఎక్కడో ఒక పుస్తకం విప్పేసి ఉంటారు. నిఫ్, కిప్‌ల 'బ్రిటానియా ఇలస్ట్రేటా' 1707లో 80 బొమ్మలతో వచ్చింది. ఈరోజు గోడల మీదున్న వాళ్ల బొమ్మలు చాలావరకు అలాంటి పుస్తకాల ముక్కలే. అందులోని తోటలు చాలావరకు తర్వాతి తరం పచ్చికబయళ్లుగా మార్చేసింది. తోటని ఒకసారి, పుస్తకాన్ని ఒకసారి చంపినట్టు.

కొనాలనే అనుకుంటే ఒక జాగ్రత్త. రాగి రేకు మీద చెక్కిన బొమ్మ అచ్చువేసే కొద్దీ అరుగుతుంది. ఫాల్దా బొమ్మలు అచ్చేసిన రోమ్ ప్రచురణకర్తలు ద రోస్సీల రేకుల్ని 1738లో పోప్ కొన్నాడు, ఆ తర్వాత కూడా వాటితో అచ్చులు తీశారు. అందుకే ఒకే బొమ్మ ఒకచోట నల్లగా నిగనిగలాడుతూ, ఇంకోచోట బూడిద రంగులో నీరసంగా కనిపిస్తుంది. నీడల్లో దగ్గరదగ్గరగా ఉండే గీతలు విడివిడిగా తెలుస్తున్నాయా లేదా చూడండి. ఇక రంగులేసిన బొమ్మలైతే, ఆ రంగు చాలాసార్లు అమ్మకం కోసం ఈమధ్య వేసినదే. తోటల బొమ్మలు ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే వచ్చాయి.

రీప్రింట్లు, స్కాన్లు

చదవడమే మీ పని అయితే ఇవి చాలు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా, ఇంటర్నెట్ ఆర్కైవ్, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ లాంటి చోట్ల వెతికితే ఇక్కడ చెప్పిన పుస్తకాల్లో చాలావాటి స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. ఒకటే లోటు: స్కాన్ చేసేవాళ్లు మడత బొమ్మల్ని చాలాసార్లు విప్పకుండానే తీసేస్తారు. తోట ప్లాన్‌లో నాలుగో వంతు కనిపిస్తుంది, మిగతాది మడతలో.

అసలు పుస్తకం కొనేవాళ్లకి మాత్రం స్కాన్ బంగారం. కొనబోయే ముద్రణ స్కాన్ రెండు వేర్వేరు లైబ్రరీలవి తెరిచి, అమ్మేవాళ్లు పంపిన ఫోటోలతో పేజీ పేజీ పోల్చుకోండి. ఒక్క లైబ్రరీది చాలదు, వాళ్ల ప్రతిలోనూ లోటుండొచ్చు. ఈ పని నేను 1713 కొనేముందు చేసుంటే ఈ వ్యాసం మొదటి పేరా వేరేలా ఉండేది.

చేతికొచ్చాక

బొమ్మల లెక్కతో మొదలుపెట్టండి. పుస్తకం చివరో ముందో బైండరుకి సూచనలు ఉండే అవకాశముంది, ఏ బొమ్మ ఏ పేజీకి ఎదురుగా కుట్టాలో అందులో రాస్తారు. ఆ జాబితా ఉంటే అదే మీ సాక్ష్యం. తర్వాత పేజీల అడుగున ఉండే చిన్న అక్షరాల వరుస: ఏ, బీ, సీ అంటూ సాగుతుంది, మధ్యలో కాగితాలు పోయాయేమో దానితో తెలుస్తుంది. జే, యూ, డబ్ల్యూ కనపడకపోతే కంగారుపడొద్దు, అప్పటి అచ్చువాళ్లు 23 అక్షరాలే వాడేవారు. నేను మొదటిసారి జే లేదని ఒక అమాయకుడికి ఘాటుగా ఉత్తరం రాశాను, ఇప్పటికీ తలచుకుంటే ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

తర్వాత ఒక్కో బొమ్మనీ కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టండి. పాత కాగితంలో సుమారు అంగుళం దూరానికొకటి చొప్పున గీతలు, వాటికి అడ్డంగా దగ్గరదగ్గరగా సన్న గీతలు కనిపిస్తాయి. కాగితం చేసిన తీగ జల్లెడ గుర్తులవి. ఈ గీతల్లేని నున్నటి కాగితం యూరప్ పుస్తకాల్లోకి వచ్చింది 1757లో. అందుకని 1712 నాటి పుస్తకంలో ఒక్క బొమ్మ మాత్రం గీతల్లేని కాగితం మీదుంటే అది తర్వాత ఎవరో చేర్చింది. బొమ్మ చుట్టూ వేలితో తడమండి: రాగి రేకు నొక్కిన గట్టు తగలాలి. అంచులు మరీ దగ్గరగా కత్తిరించి ఉంటే గట్టు కూడా కత్తిరింపులో పోయి ఉండొచ్చు, అది వేరే సంగతి.

తుప్పు రంగు చుక్కలు, పురుగు కన్నాలు, ముఖపత్రం మీద పాత యజమాని సంతకం, ఇవి నన్ను భయపెట్టవు. మడత బొమ్మ కుట్టు దగ్గర కాస్త చిరిగి ఉండటం మామూలే, మంచి రిపేరువాడి చేతిలో పడితే కనపడకుండా పోతుంది. నన్ను ఆపేవి రెండే: లేని బొమ్మలు, లైబ్రరీ ముద్ర ఉండి అక్కడి నుంచి అధికారికంగా తీసేసినట్టు ఇంకో ముద్ర లేకపోవడం. రెండోది దొంగసొత్తు కావొచ్చు. ఎంత చవకైనా పక్కన పెట్టేయండి, లేదా ఆ లైబ్రరీని అడిగాకే కొనండి.

ఎక్కడ కొనాలన్న దాని మీద పెద్దగా చెప్పేదేం లేదు. పేరున్న పాత పుస్తకాల డీలరు ఎక్కువ తీసుకుంటాడు, బొమ్మ తక్కువైతే వెనక్కి తీసుకుంటాడు. వేలంలో తక్కువకి రావొచ్చు, కానీ వివరం చివర డబ్ల్యూ.ఏ.ఎఫ్. అని మూడక్షరాలు కనిపిస్తే అన్ని లోపాలతో సహా అని అర్థం, ఇక వాపసు మాట మర్చిపోవాలి. మొదటి రెండు మూడు పుస్తకాలు డీలరు దగ్గరే కొనండి. ఆ ఎక్కువ డబ్బు ఫీజు అనుకోండి.

నా 1713 ఇంకా నా దగ్గరే ఉంది, అమ్మబుద్ధి కాలేదు. పక్కనే నిండు 1747 వచ్చి చేరింది. స్కాన్ల నుంచి ఆ మూడు బొమ్మలూ పాత కాగితం లాంటి దాని మీద అచ్చేయించి అతికించమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేనొప్పుకోలేదు, నా తర్వాత ఇది ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్లకి ఏం చెప్పి అమ్ముతారో. కోసిన ఆ మూడు అంచుల దగ్గరా ఒక్కో పలచటి తెల్ల కాగితం పెట్టి, పెన్సిల్‌తో "ఇక్కడ బొమ్మ లేదు" అని రాసి ఉంచాను.